ఇంటినిండా జనముంటే పెద్దవాళ్లకు డిప్రెషన్ రాదా?

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. డిప్రెషన్ పట్నాల్లోనూ ఆశ్రమాల్లోనూ ఒంటరిగా ఉండే ముసలివాళ్ల జబ్బట. పల్లెలో పిల్లల మధ్య ఉండేవాళ్లకు రాదట. వయసు మీద పడితే దిగులు మామూలేనట. నలుగురితో మాట్లాడితే పోతుందట, మందులు మొదలుపెడితే అలవాటైపోతాయట.

ముందు పల్లె సంగతి. 2017-18లో 45 ఏళ్లు దాటిన దాదాపు 72 వేల మందితో దేశమంతటా లాసీ అనే సర్వే చేశారు, వయసు పైబడేవాళ్ల ఆరోగ్యం గురించి కేంద్ర ప్రభుత్వం చేయించింది. 60 దాటినవాళ్లలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. తమకు ఆ జబ్బుందని డాక్టరు చెప్పారన్నవాళ్లు 0.8 శాతమే. పైగా డిప్రెషన్ పట్నాల కంటే పల్లెల్లోనే ఎక్కువ. కోవూరు, ఆత్మకూరు పక్క ఊళ్లలో ఏ పెద్దావిడా ఆ పేరు పెట్టి చెప్పదు. "అన్నం సయించట్లేదబ్బయ్యా, తల దిమ్ముగా ఉంది, మూడింటికే మెలకువొస్తంది" అంటుంది. మనం గ్యాస్ మాత్ర కొనిస్తాం.

ఒంటరిగా ఉండేవాళ్లకు ముప్పు ఎక్కువన్నది నిజమే, అంతవరకు ఒప్పుకుంటా. కానీ ఇంట్లో తలకాయలు లెక్కపెడితే తోడు లెక్క తేలదు. కొడుకు దగ్గరుందామని టౌనుకొచ్చి, అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో కూర్చున్న రైతును చూడండి. ఊళ్లో నారెప్పుడు పోయాలో ఆయన్నడిగేవాళ్లు. ఇక్కడ టీవీలో ఏం పెట్టాలో కూడా అడగరు. చెవి మందగిస్తే మరీ కష్టం. రెండుసార్లు "ఆఁ?" అన్నాక, మూడోసారి మనమే "ఏం లేదులే నాయనా" అని లేచిపోతాం. అలాంటి ఇంట్లో చెవి పరీక్షే మొదటి వైద్యం కావచ్చు.

ఇంకో మెలిక ఉంది. ఒంటరితనం వల్ల డిప్రెషన్ రావడమే కాదు, డిప్రెషన్ వచ్చిన మనిషి తనంతట తనే నలుగురికీ దూరమవుతాడు. రచ్చబండకు పోవడం మానేసిన ఆయన్ను "జనం గిట్టరులే" అని వదిలేస్తే జబ్బును స్వభావం కింద జమకట్టినట్టే.

వయసైతే మామూలే అన్నదానికి పెద్దగా చెప్పక్కర్లేదు. తోడు పోయినప్పుడు ఏడవడం మామూలు. దేనిమీదా మనసు నిలవకపోవడం, తిండీ నిద్రా చెడడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే మాత్రం చూపించాలి. థైరాయిడ్, బి12 లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి రక్తపరీక్ష చేయించాలి.

ఇక మందులు. జబ్బు ముదిరాక "ధైర్యంగా ఉండు" అంటే సరిపోదు. డిప్రెషన్ మందులు నిద్రమాత్రల్లా అలవాటయ్యేవి కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఉన్నట్టుండి మానకూడదు. పెద్దవాళ్లలో కొన్నింటివల్ల రక్తంలో సోడియం అనే ఉప్పు తగ్గొచ్చు, అందుకే డాక్టరు కనిపెట్టి చూస్తుండాలి. తమాషా ఏంటంటే, మందులొద్దని ఫార్వర్డ్ చేసే ఇళ్లలోనే చీటీ లేకుండా నిద్రమాత్ర తెచ్చిపెట్టేవాళ్లూ ఉంటారు. అలవాటయ్యేది అది, తూలిపడి తుంటి విరిగే ముప్పును పెంచేదీ అదే.

టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఇంట్లోవాళ్లు చేసినా పలుకుతారు. "నేను పోతే మీకు బరువు తగ్గుద్ది" అని పెద్దవాళ్లు అన్న రోజైతే రేపటిదాకా ఆగకండి.