కొనుక్కున్న కన్నం

ఇంటి కప్పు కారితే మేస్త్రీని పిలిచి తిడతాం. కారు కప్పు కారాలంటే మాత్రం సన్‌రూఫ్ అని, కప్పులో తెరుచుకునే అద్దానికి అదనంగా డబ్బు కట్టాలి, వెయిటింగ్ పీరియడ్ అని నెలల తరబడి కాచుకోవాలి, షోరూంలో దండ వేయించి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మరీ తెచ్చుకోవాలి. బేస్ వేరియంట్, అంటే అన్నిటికంటే చవక మోడల్ కొన్నవాడికి ఈ భాగ్యం లేదు. అతని కారుకి కప్పు ఉండాల్సిన చోట కప్పే ఉంటుంది. వానాకాలమంతా పొడిగా తిరుగుతాడు, పాపం.

ఎండ కోసం మొహం వాచిన చలి దేశాల వాళ్ళు కారు కప్పుకి కన్నం పెట్టుకున్నారంటే అర్థం ఉంది. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడ కూడా సన్‌రూఫ్ లేని కారంటే చుట్టాలు ఒకసారి పైకి చూసి, "ఓహో" అని ఊరుకుంటారు. పక్క అద్దాలకు జాలీ తెరలు, ముందు అద్దానికి వెండి రంగు అట్ట, చెట్టు నీడ కోసం పక్కింటివాళ్ళతో తగువు. ఎండను తప్పించుకోవడానికి ఇన్ని పాట్లు పడే మనమే నడినెత్తిన ఒక అద్దం బిగించుకుని, దాని కింద తెర లాగేసి, ఏసీ నాలుగు మీద పెట్టుకుని తిరుగుతాం. ఎండాకాలమంతా మూసి ఉంచాలి, వానాకాలంలో దానంతటదే కారుతుంది. మిగిలింది చలికాలం. అప్పుడు దోమలు.

పోయిన వానాకాలం మా మామగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని స్టేషన్ నుంచి ఇంటికి వస్తున్నాను. వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది. ఖైరతాబాద్ సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగానే లోపలి లైటు పక్కనుంచి అరచెంబుడు నీళ్ళు సరిగ్గా ఆయన నెత్తి మీద పడ్డాయి. మా మామగారు మాట తూలని మనిషి. కళ్ళజోడు తీసి, కండువాతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఇది కూడా టాప్ మోడల్లోనే వస్తుందా అల్లుడుగారూ?" అన్నారు.

వస్తుంది మామగారూ. టాప్ మోడల్లోనే వస్తుంది.

ఇక సర్వీస్ సెంటర్. మీరంతా చూసే ఉంటారు. కాఫీ మెషిన్, మెత్తటి సోఫా, చేతిలో ట్యాబ్ పట్టుకున్న సర్వీస్ అడ్వైజర్. అన్ని లక్షలు పోసి కొన్న కారు కారుతోందని చెబితే ఆ ముఖంలో ఏ మార్పూ ఉండదు. "వాటర్ టెస్ట్ చేద్దాం సార్" అన్నాడు, ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్దాం అన్నంత గంభీరంగా.

టెస్ట్ ఇలా జరుగుతుంది. కారుని వాషింగ్ బేలోకి తీసుకెళ్ళారు. అడ్వైజర్, టెక్నీషియన్, బాడీ షాప్ నుంచి పిలిపించిన పెయింటర్, ఇంకా ఉద్యోగం పర్మనెంటు కాని ఒక ట్రైనీ లోపల కూర్చుని తలుపులు వేసుకున్నారు. నలుగురూ తలలు వెనక్కి వాల్చి కప్పు వైపు చూస్తున్నారు. పైన ఒక కుర్రాడు పైపు పట్టాడు. "వస్తోందా?" అని వాడు కేకేస్తే, "రావట్లే" అని లోపలినుంచి నాలుగు గొంతులు. కాసేపు ఆగి మళ్ళీ వస్తోందా, మళ్ళీ రావట్లే. ఇంతలో తన బండి తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక పెద్దాయన సంగతేంటని అడిగి, తలుపు తెరిచి, వెనక సీట్లో ముగ్గురినీ సర్దుకోమని తానూ ఎక్కి కప్పు చూడటం మొదలెట్టాడు. ఆయన్ని ఎవరూ వద్దనలేదు. వర్క్స్ మేనేజర్ వచ్చి, కిటికీ లోంచి తల పెట్టి, ఆయన్నే సీనియర్ ఇంజినీర్ అనుకుని "ఏమంటారు సార్?" అని అడిగాడు. పెద్దాయన చెయ్యి పైకెత్తి లైనింగ్ తడిమి, "పొడిగానే ఉందండీ" అని తీర్పిచ్చాడు. నాకు అందిన కాగితం మీద "ప్రాబ్లం నాట్ అబ్జర్వ్‌డ్" అని రాసి ఉంది.

చదును నేల మీద కదలకుండా నిలబెట్టిన కారు కారదు నాయనా, మా అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద మూతి కిందికి పెట్టి ఆపి, ఆ తర్వాత బ్రేకు వేస్తే కారుతుంది అన్నాను. ర్యాంపు మీద టెస్టింగ్ కంపెనీ ప్రొసీజర్‌లో లేదట. ఇంతకీ చెట్టు కింద పార్క్ చేస్తారా సార్, అని అడిగాడు అడ్వైజర్. చేస్తాను. అయితే ఆకులు పడతాయి, అది ఎక్స్‌టర్నల్ ఫ్యాక్టర్, వారంటీ రాదు. ఎండలో పెడితే? ఎండకి రబ్బరు బిరుసెక్కుతుంది, అదీ ఎక్స్‌టర్నలే. ఎండా చెట్టూ వానా లేనిచోట కారు నిలుపుకునే కస్టమర్లకు మాత్రమే ఈ వారంటీ వర్తిస్తుందని అర్థమైంది. చివరికి ఆయన గొంతు తగ్గించి, సొంత తమ్ముడికి చెప్పినట్టు చెప్పాడు: "ఒక పని చేద్దాం సార్. చుట్టూ సిలికాన్ కొట్టేద్దాం. మీరు తెరవకండి, అంతే."

కన్నానికి ఒక రేటు, కన్నం పూడ్చడానికి ఇంకో రేటు. దీనికి పైన జీఎస్టీ.

ఇక్కడ ఆ ట్యాబ్‌లో లేని విషయం ఒకటుంది. సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీటిని మొత్తంగా ఆపేది కాదు. ఆపాలని చేసిందీ కాదు. కొంత నీరు దాటుతుందని తెలిసే, దాని కింద చుట్టూ ఒక కాలువ పెడతారు. ఆ కాలువ మూలల నుంచి, చాలా కార్లలో నాలుగు, సన్నటి గొట్టాలు స్తంభాల లోపలినుంచి కిందికి దిగుతాయి. ముందు గొట్టాలు ముందు తలుపు కీళ్ళ దగ్గరో చక్రం వెనకో, వెనక గొట్టాలు బంపరు వైపో బయటికి వస్తాయి. అంటే ఇది మన పాత మండువా లోగిలే. నడిమింట వాన పడుతుంది, తూములోంచి బయటికి పోతుంది, నట్టిల్లు తడవదు. కాకపోతే మండువా ఇంటివాళ్ళకి తూము ఎక్కడుందో తెలుసు. మృగశిర కార్తె రాకముందే ఎవరో ఒకరు పుల్ల పెట్టి కెలికేవారు. మన కారుకి తూము ఉందనే సంగతి అమ్మినవాడు చెప్పడు, సర్వీసు చేసేవాడికి గుర్తురాదు. టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్ వద్దన్నా బిల్లులో ఎక్కుతాయి. తూము శుభ్రం చేయడం మాత్రం ఏ ప్యాకేజీలోనూ కనబడలేదు.

గొట్టం దేనితో పూడుతుందంటారా? ఉగాదికి వేపపూత, ఆ వెనకే కానుగపూత, మే నెలలో తురాయి. ఆ తురాయి ఆకులున్నాయే, గొట్టం కొలత తీసుకుని పుట్టినంత సన్నం. దానిమీద మెట్రో దుమ్ము, ఫ్లైఓవర్ దుమ్ము. అన్నీ చక్కగా సర్దుకుని కూర్చున్నాక జూన్ రెండో వారంలో నైరుతి వస్తుంది. కాలువ నిండుతుంది. నిండినది ర్యాంపు మీద మూతి వైపు, బ్రేకు వేస్తే ముందుకి పొర్లి, లైనింగ్ లోంచి మామగారిని చేరుతుంది.

పోనీ, ఇంత కష్టపడి మోస్తున్నాం కదా, ఈ కన్నం ఎందుకు వాడుతున్నాం అంటే ఒక్కటే వాడకం. పిల్లల్ని అందులోంచి బయటికి నిలబెట్టడం. ఆదివారం సాయంత్రం నెక్లెస్ రోడ్ మీదా, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదా చూడండి. ప్రతి పది కార్లకీ ఒక తల, రెండు చేతులు. కింద తల్లి వీడియో తీస్తుంటుంది, తండ్రి ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో హారన్. 2025 సెప్టెంబరులో బెంగళూరులో ఇలాగే నిలబడ్డ పిల్లవాడి తల రోడ్డుకి అడ్డంగా ఉన్న ఇనుప దూలానికి కొట్టుకుంది. ఆ వీడియో మీరూ చూశారు, చూసి ఫ్యామిలీ గ్రూపులో పంపారు, పంపి మళ్ళీ ఆదివారం పిల్లాణ్ణి నిలబెట్టారు. 2024 సంక్రాంతికి లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద బండి మీద వెళ్తున్న సైనికుడి గొంతు మాంజా కోసి ప్రాణం తీసింది. ఆ దారం మీ పిల్లాడి మెడని చూసి పక్కకి తప్పుకుంటుందా? కారులో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లుంటే ఆరూ లోపలే తెరుచుకుంటాయి, కప్పు బయట ఒక్కటీ లేదు. 14 ఏళ్ళలోపు పిల్లలకి బెల్టు పెట్టకపోతే చట్టం వేసే జరిమానా 1,000 రూపాయలు. ఆ వెయ్యి భయంతో పెట్టాలా? పిల్ల ముచ్చటపడింది అంటారు. పిల్ల స్టవ్ మంట చూసి కూడా ముచ్చటపడుతుంది, చెయ్యి పెట్టనిస్తారా? సిగ్గులేదూ?

సరే. కారడం దగ్గరికి వద్దాం.

మా కారు బాగైంది మా వీధి చివర మెకానిక్ దగ్గర. అద్దం తెరిచాడు, కాలువలో చేరిన చెత్త వేళ్ళతో తీశాడు. మూలలో గ్లాసుడు నీళ్ళు నెమ్మదిగా పోసి, వంగి చక్రం పక్కన చూశాడు. ఎడమవైపు కారింది, కుడివైపు కారలేదు. గడ్డి కోసే మెషిన్‌లో వాడే నైలాన్ తీగ ముక్క తీసుకుని, కొస మొద్దుగా చేసి, మెల్లగా లోపలికి దింపి ఆడించాడు. నల్లటి ముద్ద ఒకటి కింద పడింది, దాని వెనక నీళ్ళు. పంక్చర్ షాపు గాలి కొడితే త్వరగా అవదా అన్నాను. కొడితే గొట్టం కీలు దగ్గర ఊడి, నీళ్ళన్నీ లైనింగ్ లోపలే పోతాయి, అప్పుడు కప్పు మొత్తం దించాలి అన్నాడు. రబ్బరు సబ్బునీళ్ళతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాశాడు. సిలికాన్ గమ్ముకీ సిలికాన్ గ్రీజుకీ తేడా తెలిసిన మనిషిని అప్పుడే చూశాను. తర్వాత కాళ్ళ కింద కార్పెట్ ఎత్తి, అడుగున స్పాంజి నొక్కితే నీళ్ళు ఊరాయి. పైన పొడిగానే ఉంటుంది, అడుగున తడి నిలిచి కంపు కొడుతుంది, అక్కడ వైర్ల కనెక్టర్లు కూడా ఉంటాయి, వాటికి తుప్పు పడితే తాళం నొక్కితే వైపర్ ఆడుతుంది సార్ అన్నాడు. కార్పెట్ మేడ మీద ఆరేశాం. ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందోసారి, తర్వాతోసారి గ్లాసుడు నీళ్ళు పోసి చూసుకోమన్నాడు. నాకు ట్యాబ్ ఏదీ కనబడలేదు.

మర్నాడు సర్వీస్ సెంటర్ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫోన్. మీ సమస్య పూర్తిగా పరిష్కారమైందా సార్, అని అడిగింది ఆ అమ్మాయి. అయిందమ్మా అన్నాను. అయితే పదికి పది వేసుకోమంటారా సార్? వాళ్ళ రికార్డులో అసలు లేని సమస్యకి పదికి ఎన్ని వేయాలో ఆలోచిస్తుండగానే, "థ్యాంక్యూ సార్, ఎక్సలెంట్ అని పెట్టేశాను" అని పెట్టేసింది.