జైలు పదేళ్లు, లైసెన్స్‌కి మాత్రం మూడేళ్లా?

హైదరాబాద్ సరూర్‌నగర్‌లో ఒక ఆస్పత్రిలో అనుమతి లేకుండా కిడ్నీలు మార్చారన్న కేసు 2025 జనవరిలో, సికింద్రాబాద్ సంతాన సాఫల్య కేంద్రంలో సరోగసీ పేరుతో వేరేవాళ్ల బిడ్డల్ని అంటగట్టారన్న కేసు అదే ఏడాది జూలైలో బయటికొచ్చాయి. ఆ గొడవంతా అందరికీ తెలిసిందే, రెండూ కోర్టులు తేల్చాల్సినవే, ఎవరు దోషో ఎవరు కాదో మేం చెప్పబోం. కానీ ఇలాంటి వార్త చదివిన మామూలు మనిషికి వచ్చే డౌట్ ఒకటుంది. రేపు నేరం రుజువై శిక్ష పడ్డాక కూడా ఆ డాక్టర్ మళ్లీ బోర్డు పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. చట్టమే దారి ఇచ్చింది, మా కోపమంతా దాని మీదే.

అవయవ మార్పిడి చట్టం 1994లో వచ్చింది, 2011లో సవరించారు. 18వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా మనిషి ఒంట్లోంచి అవయవం తీస్తే పదేళ్ల దాకా జైలు, 20 లక్షల దాకా ఫైన్. ఇంతవరకూ గట్టిగానే ఉంది. మరి మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లోంచి పేరు తీసేది ఎన్నాళ్లకి అంటే, మొదటి నేరానికి 3 ఏళ్లు, శాశ్వతంగా తీసేది రెండోసారి దొరికితేనే. అంటే ఏడేళ్లు జైలు పడ్డ డాక్టర్ ఇంకా జైల్లో ఉండగానే ఆయన లైసెన్స్ మీద నిషేధం అయిపోతుంది, బయటికొచ్చి నేరుగా ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లినా అడ్డుకునే రూల్ ఆ సెక్షన్‌లో లేదు. శాశ్వతంగా ఆపాలంటే ఇంకో పేదోడి కిడ్నీ పోవాలా?

ఇంతకన్నా గట్టిగా రాయడం పార్లమెంటుకి చేతకాక కాదు. అదే 1994లో తెచ్చిన లింగ నిర్ధారణ నిషేధ చట్టం చూడండి, 23వ సెక్షన్‌లో కోర్టు చార్జెస్ ఫ్రేమ్ చేస్తే చాలు, కేసు తేలేదాకా రిజిస్ట్రేషన్ సస్పెండ్ చెయ్యాలి, శిక్ష పడితే 5 ఏళ్లు, రెండోసారికి శాశ్వతంగా పేరు తీసెయ్యాలి. కాకపోతే ఇక్కడా ఒక మెలిక ఉంది, ఈ చట్టం అమలు చూసే అధికారి మెడికల్ కౌన్సిల్‌కి రిపోర్ట్ పంపాలి. ఆయన పంపకపోతే? ఫైలు కదలదు, స్కానింగ్ మిషన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఇక హత్య, రేప్, డ్రగ్స్ లాంటి వాటికి దిక్కు డాక్టర్ల ప్రవర్తన మీద 2002లో వచ్చిన నియమావళి. నైతిక పతనం కిందికొచ్చే నేరంలో శిక్ష పడితే అది దుష్ప్రవర్తన అని రాశారు, ఎన్నాళ్లు తప్పించాలో రాయలేదు, అదంతా కౌన్సిల్ ఇష్టం. జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) కొత్త రూల్స్‌ని 2023 ఆగస్టు 2న నోటిఫై చేసి, జనరిక్ మందుల పేర్లు రాయాలన్న దాని మీద గొడవ అయ్యేసరికి ఆగస్టు 23న మొత్తం పక్కన పెట్టేసింది. మళ్లీ పాత రూల్సే గతి.

పల్లెల్లో ఆర్ఎంపీల మీద తెలంగాణ మెడికల్ కౌన్సిల్ దాడులు చేస్తోంది, కేసులు పెడుతోంది, ప్రెస్ నోట్లు ఇస్తోంది. మంచిదే, చెయ్యండి. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలో, 5 లక్షల దాకా ఫైనో, రెండూనో అని ఎన్ఎంసీ చట్టంలోనే ఉంది. కానీ డిగ్రీ లేనివాడి మీద ఉన్న పౌరుషం డిగ్రీ ఉండి నేరం రుజువైనవాడి మీద ఎందుకు లేదు? గల్ఫ్‌కి నర్స్‌గా వెళ్లే మనమ్మాయి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కోసం స్టేషన్ చుట్టూ తిరగాలి. గవర్నమెంట్ ఉద్యోగి 48 గంటలు కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే. గవర్నమెంట్ డాక్టర్‌కీ ఇదే రూల్, కానీ ఉద్యోగంలో సస్పెండ్ అయినా ఆ సస్పెన్షన్‌తో డాక్టర్‌గా ఆయన రిజిస్ట్రేషన్‌ని ఎవరూ ముట్టుకోరు. చిన్నవాళ్లకో న్యాయం, పెద్ద చదువులవాళ్లకో న్యాయమా?

తప్పుడు కేసులు పెడతారని, శిక్ష అనుభవించాక కూడా బతకనివ్వకపోతే ఎలా అని అనేవాళ్లున్నారు. మేం అరెస్టుల గురించి మాట్లాడట్లేదు, కోర్టులో రుజువైన నేరం గురించి మాట్లాడుతున్నాం. ధర్నా కేసులో శిక్ష పడ్డ డాక్టర్‌ని ఎవరూ ఆపమనట్లేదు. పేషెంట్ ఒంటి మీద చేసిన నేరం వేరు, మత్తు ఇస్తే కళ్లు మూసుకుని పడుకునేది ఆ డాక్టర్‌ని నమ్మే కదా. దక్షిణ కొరియాలో వైద్యంలో జరిగే పొరపాటు తప్ప ఏ నేరానికి జైలుశిక్ష పడినా లైసెన్స్ రద్దు అని 2023 ఏప్రిల్‌లో చట్టం సవరించారు, డాక్టర్లు రోడ్డెక్కినా నవంబర్ నుంచి అమలు చేశారు. అమెరికాలో పేషెంట్‌ని హింసించిన కేసులో శిక్ష పడితే ఆ డాక్టర్ కనీసం ఐదేళ్లు మెడికేర్ లాంటి ప్రభుత్వ ఆరోగ్య పథకాల నుంచి బయటే, ఆ లిస్టు ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడా ఎన్ఎంసీ సైట్‌లో బ్లాక్‌లిస్ట్ పేజీ ఉంది, కరీంనగర్‌లో స్కానింగ్‌కి వెళ్లే గర్భిణికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

రెండు రాష్ట్రాల కౌన్సిళ్లకీ చెబుతున్నాం. తీర్పు కాపీ ఎవరో పంపేదాకా మాకు తెలీదని కూర్చోవద్దు, మీరే కోర్టు నుంచి తెప్పించుకోండి. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కి వచ్చినప్పుడు పోలీస్ క్లియరెన్స్ అడగండి, నర్స్‌ని అడిగేది డాక్టర్‌ని అడగడానికి మొహమాటం ఎందుకు? పేరు తీసేసినవాళ్ల లిస్టు తెలుగులో ప్రతి జిల్లా ఆస్పత్రి గోడ మీద అంటించండి. మీ రిజిస్టర్‌ ఉన్నది పేషెంట్ కోసం, తోటి డాక్టర్ పరువు కాపాడటానికి కాదు.