కేలరీ కోటా నిండని అభాగ్యులు

మన సమాజంలో పీడితులకు కొదవ లేదు. అయితే ఏ పార్టీ మేనిఫెస్టోకీ ఎక్కని, ఏ కమిషనూ లెక్కలోకి తీసుకోని కొత్త వర్గం ఒకటి ఈమధ్య బాగా పెరుగుతోంది. వీళ్లు బరువు తగ్గాలనుకుంటారు. అందుకు రోజూ ఇన్ని కేలరీలు తినమని ఒక డైటీషియనో, ఫోన్‌లో ఒక యాపో కోటా రాసిస్తుంది. ఆ కోటాను వీళ్లు తినలేరు. 1500 తినమంటే 900 దగ్గరే కడుపు నిండిపోతుంది. రాత్రి పడుకునే ముందు ఫోన్ తెరిస్తే ఇంకా 600 బాకీ అని కనిపిస్తుంది. తింటే లావైపోతామని దిగులుపడ్డ తరాన్ని మనం ఎరుగుదుం. తినకపోతే సన్నబడమేమోనని టెన్షన్ పడే తరాన్ని ఇప్పుడు చూస్తున్నాం.

దీన్ని వేళాకోళంగా తీసుకునేవాళ్లు ఉన్నారు. "తిండి దొరక్కపోతే కష్టం గానీ, ఎదురుగా పెట్టుకుని తినలేకపోవడం కూడా కష్టమేనా?" అంటారు. వాళ్ల కళ్లు తెరిపించడానికి ఈ కష్టం ఎక్కడ పుడుతుందో ముందు చెప్పాలి.

లెక్క చిన్నదే. నూనె, నెయ్యి లాంటి కొవ్వు గ్రాముకు 9 కేలరీలిస్తుంది. పిండిపదార్థం, ప్రోటీన్ గ్రాముకు నాలుగేసి ఇస్తాయి. కూరగాయల్లో చాలా భాగం నీళ్లే. బరువు తగ్గాలని సంకల్పం చెప్పుకున్న తెలుగువాడు మొదటిరోజే తొమ్మిది కేలరీలవాళ్లను ఇంట్లోంచి వెళ్లగొడతాడు. నెయ్యి గిన్నె పైఅరకు వెళుతుంది. పల్లీల డబ్బా పక్కింటికి వెళుతుంది. మర్నాడు అన్నం వంతు. ఆ తరువాత ఫ్రిజ్ తెరిస్తే కీరా, సొరకాయ, క్యాబేజీ, మొలకెత్తిన పెసలు, నీళ్ల మజ్జిగ. కీరా కిలో తిన్నా 200 కేలరీలు దాటవు. సొరకాయ కూడా ఆ వంశానిదే. ఇలాంటి సరుకుతో 1500 పూర్తి చెయ్యాలంటే మనిషి పొద్దున్నే మొదలుపెట్టి నములుతూనే ఉండాలి. ఆవు సరిగ్గా ఈ పద్ధతినే పాటిస్తుంది; కాకపోతే దాని పొట్టకు నాలుగు అరలున్నాయి, పదింటికి మీటింగ్ లేదు.

అలాగని బాకీ తీర్చడానికి మార్గం లేక కాదు. వంద గ్రాముల పల్లీల్లో 500కు పైగా కేలరీలు ఉన్నాయి. పప్పులో రెండు చెంచాల నెయ్యి వేసుకుంటే తొంభై దాకా జమ అవుతుంది. గడ్డపెరుగు, కోడిగుడ్డు పచ్చసొన, నువ్వుల ఉండ, అన్నీ అందుబాటులో ఉన్నవే. కానీ ఇవన్నీ నిషిద్ధ జాబితాలోకి పోయాయి. అంటే నిషేధించిన వస్తువులతో మాత్రమే కోటా నిండుతుంది, అనుమతించిన వస్తువులతో ఎన్నటికీ నిండదు. ఇంత పకడ్బందీ పథకం రాయగలిగేది ప్రభుత్వాలు మాత్రమేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. మన వంటింట్లో, మన చేత్తోనే రాసుకోగలిగాం.

ఈ నిషిద్ధ జాబితా కూడా స్థిరంగా ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ ఒకప్పుడు ఉప్పూ నూనే లేని కూర తిన్నవాడే పుణ్యాత్ముడు. కొన్నాళ్లకు కొబ్బరినూనె తాగినవాడు మహాత్ముడయ్యాడు. ఆ తరువాత కొర్రలు, అండుకొర్రలు వచ్చాయి. ఇప్పుడు పదహారు గంటలు ఏమీ తినకుండా ఉండి, మిగిలిన ఎనిమిది గంటల్లో కోటా మొత్తం లాగించాలి. మూడు పూటల్లో నిండని కోటా రెండు పూటల్లో ఎలా నిండుతుందని అడక్కూడదు. అడిగితే మీకు క్రమశిక్షణ లేదని అర్థం.

కోటా విషయంలో మన నేలకు పాత అనుభవం ఉంది. 1876–78 నాటి కరువు, పెద్దలు ధాత కరువని చెప్పుకునేది, బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చిపెట్టింది. 1877 మొదట్లో వైస్రాయి లిట్టన్, ఖర్చు అదుపు చెయ్యమని సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. కరువు పనుల్లో ఒళ్లు హూనం చేసుకునే మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర చాలని టెంపుల్ దొర తేల్చాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. బియ్యంగా లెక్క కడితే 1600 కేలరీలకు అటూ ఇటూ. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషి ప్రాణం నిలవడానికి చాలదని గట్టిగా పోట్లాడాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం ఆ కూలిని కొంతవరకైనా పెంచక తప్పలేదు.

అదే సీమ నుంచి వచ్చి గచ్చిబౌలిలో స్థిరపడిన మునిమనవడు ఈరోజు ఫీజు కట్టి మరీ 1200 కేలరీల చార్టు రాయించుకుంటున్నాడు. టెంపుల్ దొర కన్నా నాలుగు వందలు తక్కువ. పైగా తొమ్మిది వందలే తిని, ఆ స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెట్టుకుంటున్నాడు. కరువు కూలీ మట్టి మోశాడు, ఇతను కుర్చీలో కూర్చుంటాడు, ఇద్దరినీ పోల్చకూడదని విజ్ఞులు అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఇతనూ సాయంత్రం జిమ్‌కు వెళ్లి గంటసేపు ఇనుము ఎత్తి దించుతున్నాడు. ఆనాటి కరువు పనుల్లో బకింగ్‌హాం కాలువకు కొత్త భాగం పడింది. మన జిమ్ముల్లో ఇంతమంది ఇన్నేళ్లుగా చెమటోడుస్తున్నా ఒక్క పిల్లకాలువ పడిన దాఖలా లేదు.

ఈ 1200 అంకె ఎక్కడిదని ఆరా తీస్తే దారి అమెరికా వెళుతుంది. 1918లో లూలూ హంట్ పీటర్స్ అనే డాక్టరమ్మ తిండిని కేలరీల్లో లెక్కపెట్టుకోమని ఒక పుస్తకం రాసి, అక్కడి ఆడవాళ్లకు 1200ను అలవాటు చేసింది. చిత్రమేమిటంటే, అదే 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు మన జనానికి తిండిలో ఒక విటమిన్ చాలక వచ్చే బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆ చిన్న కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ వచ్చి, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా కూర్చుంది. కూర్చుని పనిచేసే 65 కిలోల మగవాడికి రోజుకు 2110, 55 కిలోల ఆడమనిషికి 1660 కేలరీలు కావాలని 2020లో ఆ సంస్థ లెక్క చెప్పింది. తార్నాక మనకు బస్సు దూరం. అయినా మనం అమెరికా అంకెనే నమ్ముతాం. దూరం నుంచి వచ్చిన అంకెకు మహిమ ఎక్కువ.

ఆ అమెరికాలోనే 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో తుపాకీ పట్టేది లేదని చెప్పిన 36 మంది యువకులు అందుకు ఒప్పుకుని ముందుకొచ్చారు. వాళ్లకు ఆరు నెలల పాటు రోజుకు 1570 కేలరీల దాకా పెట్టి, బాగా నడిపించారు. ఒంటి బరువులో పావు వంతు పోయింది. దాంతోపాటు ఓపిక, సరదా, ఒకరితో ఒకరు మాట్లాడుకునే మర్యాద కూడా పోయాయి. ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకోవడం మొదలుపెట్టారు. దీన్ని శాస్త్రం ఆకలి ప్రయోగం అంది. మనం ప్యాకేజీ అంటున్నాం, పండగకు డిస్కౌంట్ కూడా ఇస్తున్నాం. వంటల పుస్తకాల స్థానంలో బిర్యానీ రీల్స్ వచ్చాయి. అర్ధరాత్రి దాకా మేలుకుని పక్కవాడు దమ్ తీస్తుంటే చూడడం కేలరీలు లేని భోజనం కింద లెక్క.

ఇక ఇంటి సంగతి. తెలుగు ఇంట్లో కొసరి కొసరి వడ్డించడం కొన్ని తరాల విద్య. "వద్దు" అంటే "కొంచెం" అనీ, "చాలు" అంటే "ఇంకో గరిటె" అనీ ఆ ఇళ్లలో అర్థం. బరువు తగ్గే సంకల్పం పూనినవాడు మొదట యుద్ధం ప్రకటించేది ఈ గరిటె మీదే. ఇంట్లో మాటలు ఆగిపోతాయి. అత్తగారు కంచం వైపు చూసి మొహం తిప్పుకుంటుంది. పండక్కి చేసిన అరిసెలు ముట్టుకోలేదని ఊరి నుంచి ఫోన్లొస్తాయి. ఇంత త్యాగం చేశాక, నెలాఖరుకు డైటీషియన్ చార్టు తిరగేసి చల్లగా ఒక మాట అంటుంది: "మీరు సరిపడా తినట్లేదండీ. ఇంకాస్త తినాలి."

అమ్మ ముప్పై ఏళ్లుగా ఉచితంగా చెబుతున్న మాట ఇది. ఇప్పుడు దానికి రసీదు వచ్చింది, జీఎస్టీతో సహా. ఆ రోజు ఇంట్లో అమ్మ మొహం చూడాలి. "నేను చెప్పలా?" అని ఒక్కసారే అంటుంది. ఆ తరువాత గరిటె మాట్లాడుతుంది.

ఇక్కడ ఒక అప్రియమైన సంగతి కూడా చెప్పక తప్పదు. శత్రువులు దీన్ని మా వర్గం మీద ఆయుధంగా వాడతారు కాబట్టి మేమే ముందు బయటపెట్టడం మర్యాద. రోజుకు 1200 లోపే తింటున్నా బరువు తగ్గడం లేదని చెప్పుకున్న కొందరిని న్యూయార్క్‌లో పరిశోధకులు పరీక్షించి, 1992లో ఫలితాలు ప్రకటించారు. వాళ్ల ఒంట్లో దోషమేమీ లేదు. తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారు, చేసిన వ్యాయామాన్ని 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్లు అబద్ధాలకోరులని ఎవరూ అనలేదు. ఖాతా రాయడంలో మనిషికి కొన్ని సహజమైన మినహాయింపులుంటాయి, అంతే.

మన దగ్గర ఆ మినహాయింపులు ఇంకా ఉదారమైనవి. నిలబడి తిన్నది లెక్కలోకి రాదు, కాబట్టి బజ్జీల బండి మొత్తం పన్ను లేని జోన్. పిల్లలు వదిలేసిన దోసె పిల్లల ఖాతాలోకే పోతుంది. ప్రసాదానికి కేలరీలుంటాయనడం మహాపాపం. పులిహోరలో నూనె ఉందన్నవాడు నాస్తికుడు. ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి నోట్లో వేసుకున్న నాలుగు గరిటెలు వంట ఖర్చు కిందకి వస్తాయి. ఆఫీసు టీలు రోజుకు ఎన్నయినా, చక్కెర ఎంతయినా, టీ అంటే తిండి కాదు కాబట్టి సున్నా. ఆవకాయ మీద తేలే నూనె ఊరగాయ శాఖ చూసుకుంటుంది. ఇవన్నీ తీసేశాక మిగిలిన రెండు ఇడ్లీలు, ఒక గిన్నె మొలకలు యాప్‌లో నమోదవుతాయి. యాప్ పాపం అమాయకురాలు. తొమ్మిది వందలే తిన్నావు తల్లీ, నీరసించిపోతావని హెచ్చరిస్తుంది. దాంతో బాకీ తీర్చడం కోసం రాత్రి ఇంకో అరలీటరు ప్రోటీన్ షేక్ లోపలికి పోతుంది. ఇప్పుడు చెప్పండి, ఈ వర్గం కష్టాల్లో ఉందా లేదా?

అయితే నిజంగానే తక్కువ తినేవాళ్లు కూడా ఇదే గుంపులో కలిసిపోయి ఉన్నారు. అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలింది తినే అలవాటుకు ఇప్పుడు డైట్ అనే గౌరవప్రదమైన పేరు దొరికింది కొందరు ఆడవాళ్లకు. బరువు త్వరగానే దిగుతుంది. రెండు మూడు నెలలకు దువ్వెన నిండా జుట్టు వస్తుంది. కళ్లు తిరుగుతాయి, నెలసరి తప్పుతుంది, కొందరికి పిత్తాశయంలో రాళ్లు చేరతాయి. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. 800 కేలరీల లోపు తిండిని డాక్టరు దగ్గరుండి చూస్తుంటే తప్ప పెట్టకూడదని వైద్యులు చెబుతూనే ఉన్నారు. సగానికి పైగా ఆడవాళ్లు రక్తహీనతతో ఉన్న రాష్ట్రాలు మనవి. "ఎంత సన్నబడ్డావే!" అని పెళ్లిలో నలుగురూ మెచ్చుకునేసరికి ఇవన్నీ ఎవరికీ గుర్తుండవు. వీళ్లు మాత్రం ఎక్కడా గొడవ చెయ్యరు. గొడవ చెయ్యడానికి ఓపిక కావాలి, ఓపికకు కేలరీలు కావాలి. గొడవంతా మొదటి రకంవాళ్లదే.

కాబట్టి మొదటి రకంవాళ్ల తరఫునే ప్రభుత్వానికి మా కోరికలు సమర్పిస్తున్నాం. కోటా నిండనివారికి ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్ వెయ్యాలి. ఛైర్మన్ పదవికి ఇటీవల టికెట్టు దక్కని నాయకుణ్ణి చూడవచ్చు, తినే విషయంలో వారి అనుభవం ఎలాగూ అక్కరకొస్తుంది. తెల్లకార్డుకు, గులాబీకార్డుకు తోడు లేతాకుపచ్చ కార్డు ఒకటి ఇచ్చి, నెలకు అరకిలో నెయ్యి, కిలో పల్లీలు, నువ్వుల ఉండలు ఇవ్వాలి. డీలర్ వాటిని "తినకూడనివి" అని రాసి ఉన్న సంచిలో ఇస్తే మరీ మంచిది, అలా అయితేనే పూర్తిగా తింటారు. మార్చి నెలాఖరుకు ఖర్చుకాని నిధులు మురిగిపోయినట్టు, రాత్రి పన్నెండు దాటితే ఆ రోజు కేలరీలు మురిగిపోతున్నాయి. వాటిని ఆదివారం బిర్యానీకి బదలాయించుకునేలా జీవో తేవాలి.

అనర్హులు చొరబడతారన్న భయం అధికారులకు ఉంటుంది. న్యాయమే. అందుకే అర్జీతో పాటు ఆధార్ నకలు, రెండు ఫొటోలు (ఒకటి పక్కనుంచి, పొట్ట బిగబట్టకుండా), "ఈ అర్జీదారు గత మూడు నెలల్లో సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య ఇక్కడ కనిపించలేదు" అన్న ధ్రువపత్రం జతచెయ్యాలని మేమే సూచిస్తున్నాం. ఆ పత్రం మీద గెజిటెడ్ అధికారి సంతకం చెల్లదు. వీధి మలుపులో బజ్జీల బండి నడిపేవాడే పెట్టాలి.