నలభై రెండేళ్లకు తొలి సినిమా: అలన్ రిక్‌మన్‌కు ఆలస్యమే కలిసొచ్చిందా?

హాలీవుడ్ యాక్షన్ సినిమా ‘డై హార్డ్’ 1988లో విడుదలయ్యే నాటికి బ్రిటిష్ నటుడు అలన్ రిక్‌మన్‌కు 42 ఏళ్లు. అదే ఆయన మొదటి సినిమా. అదృష్టం ఆలస్యంగా తలుపు తట్టిందని చాలామంది రాస్తుంటారు. నేను ఒప్పుకోను. ఆ వయసులో వచ్చారు కాబట్టే అంత పదునైన నటుణ్ని చూడగలిగాం.

లండన్‌లోని యాక్టన్‌లో ఓ కార్మిక కుటుంబం. ఎనిమిదేళ్లకే తండ్రి పోయారు. స్కాలర్‌షిప్‌తో చదువుకుని, ఆర్ట్ కాలేజీ ముగించి, స్నేహితులతో కలిసి గ్రాఫిక్ డిజైన్ స్టూడియో నడిపారు. 26 ఏళ్లకు అదంతా వదిలేసి లండన్‌లోని పేరున్న నాటక శిక్షణ సంస్థ రాడాలో నటన నేర్చుకోవడానికి చేరారు. ఖర్చుల కోసం రంగస్థల నటులు నైజెల్ హాథార్న్, రాల్ఫ్ రిచర్డ్‌సన్‌లకు డ్రెస్సర్‌గా, అంటే వేషం వేసుకోవడంలో సాయపడే మనిషిగా పనిచేశారు. మహానటులు స్టేజీ ఎక్కే ముందు ఎలా ఉంటారో అంత దగ్గర్నుంచి చూసే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

1985లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ నాటకం ‘లే లియాజాన్ డాంజరూజ్’లో వాల్మాంట్ పాత్ర ఆయన్ను న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వే దాకా తీసుకెళ్లింది, అక్కడి నాటక పురస్కారం టోనీకి నామినేషన్ తెచ్చింది. అదే కథ సినిమాగా వచ్చినప్పుడు మాత్రం ఆ పాత్ర జాన్ మాల్కోవిచ్‌కు వెళ్లింది. కానీ స్టేజీ మీద ఆయన్ను చూసినవాళ్లే ‘డై హార్డ్’కి పిలిచారు.

అక్కడ ఆయన చేసిన పని చూడండి. తాను వేస్తున్న విలన్‌కు టెర్రరిస్టు వేషం బదులు సూటు వేస్తే బాగుంటుందని సూచించారు. సూటు వేసుకున్నవాడు బందీల్లో ఒకడిగా నటించగలడు కదా! హీరోకి ఎదురుపడి, అమెరికన్ యాసలో భయపడిపోతున్నట్టు మాట్లాడే ఆ సీన్ అలా పుట్టింది. కొత్తగా వచ్చిన కుర్రాడికి అంత చొరవ ఉండేదా? ఏళ్ల తరబడి రిహార్సళ్లలో పాత్రను తిరగేసి మరగేసి చూసిన నటుడికే అది సాధ్యం.

‘హ్యారీ పాటర్’ సినిమాల్లోని స్నేప్ విషయంలోనూ అంతే. ఆ పాత్ర గురించి రచయిత్రి రౌలింగ్ ముందే చెవిన వేసిన చిన్న రహస్యాన్ని కడుపులో దాచుకుని, 2001 నుంచి 2011 వరకు ఎనిమిది సినిమాల్లో నటించారు.

2016 జనవరిలో, 69 ఏళ్లకు, పాంక్రియాస్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఒక్క ఆస్కార్ నామినేషనూ రాలేదు. ‘గొప్ప విలన్ల’ జాబితాల్లో మాత్రం ఇప్పటికీ ఆయన పేరుంటుంది. ఆ ముద్ర నాకు బాధగా ఉంటుంది. 1995 నాటి ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’లో, ప్రేమించిన అమ్మాయి జ్వరంతో లోపల పడి ఉంటే, ఏదో ఒక పని చెప్పండి, లేకపోతే పిచ్చెక్కిపోతుందని బతిమాలే కల్నల్ బ్రాండన్‌ను చూసినవారెవరూ ఆయన్ను విలన్ అని సరిపెట్టలేరు.