వచ్చినవాళ్లను పంపించడం తెలియని లిస్టు గారికి

అమలాపురం,
ముక్కనుమ నాడు.

మహారాజశ్రీ బ్లూటూత్ పెయిర్డ్ డివైసెస్ లిస్టు గారి సముఖమునకు,

మీరు అద్దె కట్టకుండా కాపురం ఉంటున్న జెరాక్స్ షాపు యజమాని నమస్కరించి రాసుకున్నది. ఉభయకుశలోపరి. మీ క్షేమం అడగక్కర్లేదు, కనిపిస్తూనే ఉంది. ఆ మాటకొస్తే మా షాపులో ఈ మధ్య ఒళ్లు చేసింది మీరొక్కరే.

మా కంప్యూటర్‌తో బ్లూటూత్‌లో ఒక్కసారి జతకట్టిన ప్రతి పరికరం పేరూ రాసి దాచుకునే లిస్టు కదా మీరు, మీ దగ్గర ఎవరెవరు ఉన్నారో నిన్న తీరిగ్గా చదివాను. అంబాజీపేట కొబ్బరికాయల వర్తకుడి ఫోను ఉంది. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి వచ్చి ఆధార్ కార్డు ప్రింటు తీయించుకుని, మళ్లీ పంటు అందదేమోనని పరిగెత్తిన పిన్నిగారి ఫోను ఉంది. ఏ పెళ్లివారి తాలూకో తెలియని చేతి వాచీ ఒకటి ఉంది. వాచీతో మా షాపుకి పనేంటండీ? జెరాక్స్ తీయించుకుందా? ఒక కారు కూడా ఉంది. కారు! అది షాపు ముందు ఆగి ఉంటే ఆగి ఉండొచ్చు, లోపలికెలా వచ్చింది?

ఇక ప్రభల ఫ్లెక్సీలు వేయించుకున్న కుర్రాళ్ల ఫోన్లయితే లెక్కే లేదు. కనుమ నాడు జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రులు పదకొండు ఊళ్ల నుంచి ప్రభల మీద వస్తారు. కొన్నిటిని కౌశిక కాలువ దాటించి, చేలు తొక్కి మోసుకొస్తారు. పొద్దుగూకే వేళకి మళ్లీ ఎవరి ఊరికి వాళ్లు బయల్దేరతారు. సాక్షాత్తూ శివుడే రాత్రికి ఇంటికెళ్లిపోతున్నాడు. ఆయన ఫ్లెక్సీ ఫొటో పంపిన ఫోను మాత్రం మీ దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎందుకండీ?

మీకు ఈ వైభోగం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తుంది. 2022 మే నెలలో జిల్లా పేరు మీద గొడవలు జరిగి ఇక్కడ మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంట్లోంచి ఉద్యోగం చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల దాకా వెళ్లారు. వాట్సాప్ లేదు, మెయిల్ లేదు. హాల్‌టికెట్టు ప్రింటు కావాలన్నా, పెళ్లి ఫొటో కావాలన్నా దిక్కు బ్లూటూత్ ఒక్కటే. అప్పుడు మీరు చేసిన సాయం మర్చిపోను. కానీ ఇంటర్నెట్ వచ్చేసింది కదా, మీరెందుకు ఎవరినీ వదల్లేదు?

పేర్లుంటే ఉన్నాయి, తిండి అడగవు కదా అని ఊరుకున్నాను. భోగి ముందు రోజు వరకూ ఊరుకున్నాను. ఆ సాయంత్రం దశదిన కర్మ కార్డు ప్రూఫు చూసుకోవడానికి రాజోలు వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్దాయన ఫొటో కింద పేరు, తిథి సరిచూస్తూ అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు నా స్పీకర్లలోంచి "డేగ మీద పదివేలు! ఎవరండీ, డేగ మీద పదివేలు!" అని ఒక కేక.

షాపంతా బిక్కచచ్చిపోయింది. జరిగిందేంటంటే, పక్క టీ కొట్టు బల్ల మీద ఒకాయన కూర్చుని ఫోన్లో కోడిపందెం వీడియో పెట్టుకున్నారు. ఆయన ఫోను మీకు పాత పరిచయం. ఆయన బ్లూటూత్ ఆన్ చెయ్యగానే అది మా కంప్యూటర్‌ని పట్టుకుంది. మీరు "రండి బాబూ, రండి" అన్నారు. ఆయనకేమో సౌండు రావడం లేదు. ఫోను పాడైందేమోనని వాల్యూమ్ పెంచారు. పెంచినదంతా ఇక్కడ పెరిగింది. డేగ గెలిచేదాకా మాకు తప్పలేదు.

తర్వాత తెలుసుకున్నాను, మా కంప్యూటర్‌ని నడిపే లినక్స్‌లో ఇది లోపం కాదట, సౌకర్యమట. ఫోను పంపే పాటని అందుకుని స్పీకర్లో వినిపించే పని కూడా కంప్యూటర్ చేస్తుంది. దాన్ని ఏ2డీపీ సింక్ అంటారు. సౌకర్యమే, కాదనను. నా ఫోన్లో నా పాటకైతే ఎంతో బాగుంటుంది.

ఆ రాత్రి షట్టర్ దించి మీ మీద విచారణ పెట్టాను. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, మీతో మాట్లాడించే బ్లూటూత్‌సీటీఎల్ (bluetoothctl) అని కొట్టాను. పాత వెర్షన్లలో పెయిర్డ్ హైఫన్ డివైసెస్ అని ఒకే మాటగా అడగాలి, కొత్తవాటిలో డివైసెస్ అని రాసి ఖాళీ వదిలి పెయిర్డ్ అనాలి. పెయిర్డ్ బదులు కనెక్టెడ్ అంటే ఇప్పుడు లైన్లో ఉన్నవాళ్లని, ట్రస్టెడ్ అంటే మీరు గుడ్డిగా నమ్మినవాళ్లని చెబుతారు. అడిగినదానికి బానే చెప్పారు. అడగందే ఏదీ చెప్పకపోవడం మీ పాలసీ.

ఒక్కో పేరు మీద ఇన్ఫో అడిగితే అసలు గుట్టు బయటపడింది. పెయిర్డ్, ఎస్. ట్రస్టెడ్, ఎస్. బ్లాక్డ్, నో. అందరిదీ ఇదే జాతకం. పెయిర్డ్ అంటే ఒకసారి తాళంచెవి ఇచ్చిపుచ్చుకున్నారని. దాంతో నాకు పేచీ లేదు. ట్రస్టెడ్ అంటే ఇకమీదట వాళ్లు వస్తే నన్ను అడగనక్కర్లేదని. ఈ రెండో ముద్ర వెయ్యమని మీకు ఎవరు చెప్పారండీ? సెట్టింగ్స్ కిటికీలోంచి పెయిర్ చేస్తే చాలు, వెనకాలే ట్రస్టెడ్ అని కూడా రాసేసుకుంటున్నారు. ఒక్క ఫొటో పంపడానికి వచ్చినాయన ఒక్క ఫొటో పంపి వెళ్తాడు. ఆయన పరాయివాడు కాదు గానీ, నా స్పీకర్లకి వారసుడు కూడా కాదు.

మీ సెట్టింగ్స్ కిటికీ సంగతి వేరే చెప్పాలి. మా లినక్స్ రకం ఉబుంటు. అందులో ఆ కిటికీ తెరిచి ఉన్నంతసేపూ మా కంప్యూటర్ తన పేరు చుట్టుపక్కల అందరికీ చాటుతూ ఉంటుంది. అంటే ఎవరిని పంపించేద్దామా అని చూడ్డానికి తలుపు తీస్తే, అవతల కొత్తవాళ్లకి మా అడ్రసు తెలుస్తోంది. పైగా ఆ కిటికీలో పెయిరయినవాళ్లు, ఊరికే గాలిలో కనిపించినవాళ్లు కలిసే కూర్చుంటారు. ఒకాయన్ని తీసేశాక రెండు నిమిషాల్లో మళ్లీ కనిపించాడు. మా షాపు కుర్రాడు "దెయ్యం ఉందండీ ఇందులో" అని ఇంటికి వెళ్లిపోయాడు. దెయ్యమూ కాదు, పాడూ కాదు. తీసేసిన ఫోను ఇంకా టీ కొట్టులోనే ఉంది కాబట్టి ఈసారి కొత్తమనిషిగా కనిపించింది, అంతే. వెతకడం ఆపేస్తే అలాంటి పేర్లు కాసేపటికి వాటంతటవే పోతాయి. ఈ తేడా మీరు ఒక్క రంగు మార్చి చూపించి ఉంటే కుర్రాడు ఆ రోజు కట్టింగు మిషన్ దగ్గర పని పూర్తి చేసేవాడు.

సరే, పంపించే దారులు రెండు పెట్టారు కదా, అవీ చూశాను. రిమూవ్ అంటే పేరు, తాళంచెవి రెండూ చెరిపేస్తారు. బాగుంది. కానీ చెరిపేశాక ఆ మనిషి ఎవరో మీకు గుర్తుండదు కాబట్టి మళ్లీ వచ్చి పెయిరింగ్ అడగొచ్చు. బ్లాక్ అంటే ఇక రానివ్వరు. కానీ రానివ్వకూడదని గుర్తుండాలి కాబట్టి ఆ పేరు మీ దగ్గరే అట్టేపెట్టుకుంటారు. రావద్దన్నవాడికి శాశ్వత సభ్యత్వం అన్నమాట! పందెం వీడియో ఆయన్ని బ్లాక్ చేశాను. ఇప్పుడాయన పేరు మీ దగ్గర ఎప్పటికీ ఉంటుంది. ఆయన మనవలకి చెప్పుకోవచ్చు.

మధ్యలో సలహాలు ఇచ్చినవాళ్లు తక్కువేం కాదు. ఆపి మళ్లీ వెయ్యండి అన్నారు. వేశాను. మీరు ఉన్నారు. సర్వీసు రీస్టార్ట్ చెయ్యండి అన్నారు. చేశాను, ఉన్నారు. ఆర్‌ఎఫ్‌కిల్‌తో రేడియోనే ఆపెయ్యండి అన్నారు. ఆపితే అందరూ నోరు మూసుకున్నారు నిజమే, లిస్టు మాత్రం చెక్కుచెదరలేదు. పైగా మీ కాన్ఫిగ్ ఫైల్లో ఆటోఎనేబుల్ అనే లైను ట్రూ అని ఉంటే, బ్లూటూత్ సర్వీసు లేచిన ప్రతిసారీ అడాప్టర్, అంటే కంప్యూటర్‌లోని బ్లూటూత్ పరికరం, దానంతటదే ఆన్ అవుతుంది. మా ఊళ్లో గాలివానకి కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో మీకు చెప్పాలా?

మీ అసలు నివాసం కూడా కనుక్కున్నాను. వార్, దానిలో లిబ్, దానిలో బ్లూటూత్. సుడో, అంటే పెత్తనం అనుమతి, లేకుండా గడప దాటనివ్వరు. లోపల అడాప్టర్ చిరునామాతో ఒక గది, అందులో ఒక్కో పరికరం చిరునామాతో ఒక్కో అర, ఒక్కో అరలో ఇన్ఫో అనే ఫైలు, ఆ ఫైల్లో తాళంచెవి. ఊరికే కంటపడ్డవాళ్ల పేర్లు రాసుకోవడానికి క్యాష్ (cache) అని ఇంకో అర కూడా ఉంది! ఎదురింటి టీవీ పేరు అక్కడే దొరికింది. చిరునామాలేమో రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలు, మధ్యలో జంట చుక్కలు. చిరునామా చూసి అది పిన్నిగారిదో కారుదో ఎవరికి తెలుస్తుంది? ఎప్పుడు వచ్చారో ఒక తేదీ అయినా రాసుకున్నారా అంటే అదీ లేదు. ఫైలు తేదీ చూడొచ్చు గానీ, అది ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో చెబుతుంది, ఆ మనిషి ఎప్పుడు వచ్చాడో కాదు. తేదీ లేని దరఖాస్తు మేము కూడా తీసుకోమండి.

అక్కడే ఇంకో నిజం తెలిసింది. గదులు రెండున్నాయి. కంప్యూటర్‌లో పుట్టుకతో వచ్చిన బ్లూటూత్ నీరసపడిందని కుర్రాడు ఒక యూఎస్‌బీ డాంగిల్ పెట్టాడు. మీరు ఒక్కో అడాప్టర్‌కి ఒక్కో లిస్టు నడుపుతున్నారు. ఒకదానిలో రిమూవ్ చేస్తే రెండోదానికి కబురే లేదు. లిస్ట్ అని అడిగి, రెండో అడాప్టర్‌ని సెలెక్ట్ చేసి, అక్కడ మళ్లీ మొదట్నుంచీ ఒక్కొక్కరికీ వీడ్కోలు చెప్పాల్సి వచ్చింది. రెండు కాపురాలు పెట్టారని ముందే చెప్పి ఉంటే గౌరవంగా ఉండేది.

ఇంత చేసీ నాకు కావలసిన ఒక్క మనిషి విషయంలో మీరేం చేశారు? నా హెడ్‌సెట్. మీ దగ్గర దాని పేరుంది. పెయిర్డ్, ఎస్. కానీ కనెక్ట్ అవ్వదు. ఇందులో మాత్రం మీ తప్పు సగమే. తెలుగు డీటీపీకి అనూ ఫాంట్లు కావాలి కాబట్టి ఇదే కంప్యూటర్‌లో పాత విండోస్ ఒక పక్కన ఉంది. రెండింటిలోనూ హెడ్‌సెట్‌ని కలిపింది ఒకే అడాప్టర్‌తో కాబట్టి దానికి లినక్స్, విండోస్ ఇద్దరూ ఒకే చిరునామాతో కనిపిస్తారు. హెడ్‌సెట్ ఒక చిరునామాకి ఒకే తాళంచెవి దాచుకుంటుంది. విండోస్‌లో పెయిర్ చేసిన రోజున మీ దగ్గరున్న తాళంచెవి చెల్లకుండా పోయింది. విండోస్‌లోని తాళంచెవిని తెచ్చి మీ ఇన్ఫో ఫైల్లో రాస్తే కుదురుతుందట. పందెం వీడియో ఆయన నేరుగా లోపలికొచ్చేశాడు, యజమాని చెవిలోది మాత్రం కాగితాలు దిద్దుకుని రావాలి. భలే ఉందండి మీ న్యాయం.

కాబట్టి ఇకమీదట మనిద్దరి మధ్య ఒప్పందం ఇది. పెయిరబుల్ ఆఫ్, డిస్కవరబుల్ ఆఫ్, అంటే కొత్తవాళ్లతో జతకట్టడం, అందరికీ కనిపించడం రెండూ బంద్. ఎవరైనా "కొంచెం బ్లూటూత్ ఆన్ చెయ్యండి బాబూ" అంటే ఆన్ చేస్తాను. మీరు మామూలుగా 3 నిమిషాలు కనిపించి మళ్లీ దాక్కుంటారు, ఆ 3 నిమిషాలూ ఫైలు తెచ్చుకోవడానికి చాలు. ట్రస్టెడ్ ముద్ర పడితే అక్కడికక్కడే అన్‌ట్రస్ట్ చేస్తాను. పని అయ్యాక ప్రింటు చేతికిచ్చి, చిల్లర ఇచ్చి, రిమూవ్ చేస్తాను. మొహమాటపడొద్దు. నాకు లేని మొహమాటం మీకెందుకు?

ఇట్లు,
మీ దగ్గర పేరుండీ కనెక్ట్ కాని హెడ్‌సెట్ తాలూకు మనిషి

తా.క.: కువైట్ వెళ్లిపోయిన మా వీధి చివరి ఇంటాయన ఫోను కూడా తీసేశాను. అయితే చెరిపింది మన వైపు మాత్రమే. ఆయన ఫోన్లో మా షాపు పేరు అలాగే ఉంది, అది ఆయనే తీసుకోవాలి. లేకపోతే సెలవుకి వచ్చి కనెక్ట్ నొక్కి, అవ్వకపోతే "మన షాపు కంప్యూటర్ పాడైందండి" అని టీ కొట్టులో అందరికీ చెబుతారు. వాళ్లావిడ రేషన్ కార్డు జెరాక్స్‌కి వచ్చినప్పుడు విషయం చెప్పాను. "ఆయ్, చెబుతానండి" అని, ఆ కాగితాలు తన ఫోన్లో ఉన్నాయి, బ్లూటూత్‌లో పంపిస్తాను ఆన్ చెయ్యమన్నారు.