తీసేస్తే పోలా!

తెలుగువాళ్ళు ఒక మాట మీద నిలబడరనడం ఉత్త అభాండం. రాష్ట్రాలు రెండయ్యాయి, నీళ్ళ దగ్గర తగువులాడుకుంటున్నాయి, అయినా గర్భసంచి విషయంలో ఒకే తాటి మీద నడుస్తున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆ సంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రలో 8.7, తెలంగాణలో 8.2. మొదటి రెండు ర్యాంకులూ మనవే. ఎవరూ ఫ్లెక్సీ కట్టకపోవడం అన్యాయం.

దీని వెనక వైద్యం చాలా సులువు. తెల్లబట్టా? తీసేద్దాం. రక్తం ఎక్కువ పోతోందా, నడుం నొప్పా? తీసేద్దాం. "ఇద్దరు పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకమ్మా అది? ఉంచితే క్యాన్సర్ అవుద్ది" అనగానే సంతకం పడిపోతుంది. ముందు మందులు వాడి చూద్దామనేవాళ్ళది చాదస్తం. 2023లో సుప్రీంకోర్టు కూడా ఇదే చాదస్తంతో, అనవసరపు ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది.

పనిలో పనిగా అండాశయాలూ తీసేస్తే మరీ లాభం. మామూలుగా ముట్లుడగడం మన దేశంలో 46, 47 ఏళ్ళ మాట. అదీ ఏళ్ళ తరబడి నాన్చుతుంది, ఏడాదిపాటు వరసగా నెలసరి రాకపోతేగానీ ఆగినట్టు లెక్క కాదు. ఆపరేషన్ థియేటర్లో ఆ నాన్చుడు లేదు, 35 ఏళ్ళకే ఒక్క పూటలో పని పూర్తి. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్ళు ముందుగానే చేతులెత్తేయవచ్చు. నెలసరే లేదు గనక ఎప్పుడెత్తేశాయో ఆవిడకే తెలీదు.

తర్వాత సంగతి ఇంట్లోవాళ్ళు చూసుకుంటారు. అర్ధరాత్రి ఒంట్లో సెగలు రేగి, జాకెట్టు తడిసి లేచి కూర్చుంటే "మేం పడలేదూ ఇవన్నీ?" అని అత్తగారు. "ఫ్యాను అంత స్పీడెందుకే, చలేస్తోంది" అని ఆయన. యోని పొడిబారి మంట, మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్... ఛ, ఇవి పైకి చెప్పుకునేవా? ఎముకలకు మాత్రం ఆ మర్యాద తెలీదు, అండాశయాలిచ్చే ఈస్ట్రోజెన్ హార్మోను పోయిన తొలి ఏళ్ళలోనే వేగంగా గుల్లబారతాయి. బాత్రూంలో జారి మణికట్టు విరిగితే "చూసుకుని నడవొచ్చుగా" అంటాం. గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. ఛాతీ పట్టేసిందంటే గ్యాసని వాము నీళ్ళిస్తాం.

ఇలా వయసుకు ముందే ఆగిపోయినవాళ్ళకు, వేరే అభ్యంతరాలు లేకపోతే, మామూలుగా ఆగే వయసుదాకా హార్మోన్లు ఇవ్వాలని వైద్య మార్గదర్శకాలున్నాయి. "అమ్మో, హార్మోన్లా! సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయటగా?" సంచి కోసేటప్పుడు లేని టెన్షనంతా ఈ మాత్ర దగ్గరే వస్తుంది.

ఇంత గొప్ప పద్ధతి ఆడవాళ్ళకే పరిమితం కావడం నాకు నచ్చలేదు. ప్రోస్టేటు వాచి రాత్రి నాలుగుసార్లు లేస్తున్న ఆయనతో "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకండీ అది, మొత్తం తీయించేద్దాం" అని చూడండి. తెల్లారేసరికి రెండో డాక్టరు అపాయింట్‌మెంటు, వెల్లూరుకి రైలు టికెట్టు ఆయన ఫోన్లో ఉంటాయి.