పసిపిల్లల టీచర్లకు చదువెందుకు?

విద్యారంగంలో ఎవరూ కాదనని సూత్రం ఒకటుంది. పిల్లలు ఎంత చిన్నవాళ్లయితే, వాళ్లని చూసుకునేవాళ్ల చదువు అంత తక్కువ ఉండాలి. ఇరవై ఏళ్లవాడు పుస్తకం తెరిచి తనంతట తానే చదువుకోగలడు, కాబట్టి వాడికి పీహెచ్‌డీ చేసినవాళ్లు పాఠం చెప్పాలి. ఏడాదిన్నర పిల్లకి మాటలు రావు, నొప్పి ఎక్కడో చెప్పలేదు, నేల మీద ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటుంది. కనుక ఆ పిల్ల దగ్గర ఎవరున్నా ఫర్వాలేదు. ఏదైనా తేడా జరిగినా ఇంటికెళ్లి చెప్పదు కదా!

డేకేర్ ఉద్యోగ ప్రకటనల్లో అర్హతల దగ్గర ఈ సూత్రాన్నే ముచ్చటగా రాస్తారు: "పిల్లలంటే ఇష్టం ఉండాలి." ఈ పద్ధతిని మిగతా శాఖలకూ విస్తరించాలని నా మనవి. ఆకాశమంటే ఇష్టమున్నవాళ్లకి విమానం అప్పగించేస్తే పైలట్ శిక్షణ ఖర్చు ఎంత మిగులుతుంది!

అయినా శిక్షణ కావాలనేవాళ్లు ఊరుకోరు. ఏడాదిలోపు పాప గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేస్తారని నిలదీస్తారు. పెద్దవాళ్లకి చేసినట్టు పొట్ట నొక్కకూడదట. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో ఐదుసార్లు గట్టిగా తట్టాలట. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి, ఛాతీ మధ్యలో ఐదుసార్లు నొక్కాలట. ఇదంతా ముందే నేర్చుకుని ఉండాలని వీళ్ల పట్టుదల. అవసరం వచ్చినప్పుడు ఫోన్లో వీడియో చూసుకుంటే పోలా? మధ్యలో యాడ్ వస్తే స్కిప్ నొక్కడానికి ఐదు సెకన్లు ఆగితే చాలు.

ఈ తలనొప్పికి మూలపురుషుడు ఫ్రోబెల్ అనే విద్యావేత్త. జర్మనీలో 1837లో పసిపిల్లల కోసం ఓ కేంద్రం తెరిచి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. అంతటితో ఆగాడా? పిల్లల్ని ఆడించడానికి ఆడవాళ్లకి శిక్షణ కూడా మొదలెట్టాడు. నాస్తికత్వం, సోషలిజం నూరిపోస్తున్నారంటూ 1851లో అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటైన ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లని నిషేధించింది. ఉన్ని బంతులు, చెక్క దిమ్మలతో ఆడుకునే మూడేళ్లవాళ్లు రాజ్యాన్ని కూల్చేస్తారన్నమాట! ఫ్రోబెల్ మరుసటేడాదే పోయాడు, నిషేధం 1860 దాకా సాగింది. తప్పుడు కారణానికైతేనేం, పసివాళ్ల చదువుని అంత సీరియస్‌గా పట్టించుకున్న సర్కారు ఇంకోటి నాకైతే కనపడలేదు.

ఇప్పటివాళ్లు అంత శ్రమపడరు. అర్హత పెంచుతారు, జీతం మర్చిపోతారు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో డేకేర్ టీచర్లకి రెండేళ్ల కాలేజీ డిగ్రీ ఉండాలని 2016లో నిబంధన పెట్టారు. గడువు పొడిగించుకుంటూ, కోర్టుల్లో వాదించుకుంటూ నెట్టుకొచ్చారు. వాళ్ల జీతాల్ని బడి టీచర్ల జీతాలకి దగ్గర చేద్దామని పెట్టిన నిధి నుంచి డబ్బు చేతికందింది 2022లో. పసిపిల్లల శాఖ కదా, నడక రావడానికి ఆ మాత్రం టైం పడుతుంది.

నిధులూ గిధులూ లేనిచోట వ్యవహారం ఇంకా సాఫీగా నడుస్తుంది. చదువుకుని, శిక్షణ పొంది వచ్చిన అమ్మాయి ఏడాది తిరక్కుండానే నాలుగు డబ్బులు ఎక్కువొచ్చే ఏదో షాపు కౌంటర్‌లో చేరిపోతుంది. యాజమాన్యం ఏమీ కంగారుపడదు. ఆమె ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్‌కి ఫ్రేమ్ కట్టించి రిసెప్షన్ వెనక గోడకి ఎప్పుడో తగిలించేశారు. అడ్మిషన్ కోసం వచ్చిన తల్లిదండ్రులు దాన్ని చూసి తృప్తిగా తలూపుతారు. ఇన్‌స్పెక్టర్ గారు కళ్లజోడు సవరించుకుని పేరు రాసుకుంటారు, టిక్కు పెడతారు. లోపల తొమ్మిదిమంది పిల్లల మధ్య, ఒకరిని ఎత్తుకుని ఇంకొకరి ముక్కు తుడుస్తూ ఓ కొత్తమ్మాయి ఉంటుంది. ఆమె పేరు రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.